నా పరిచయ సభలో మా అన్న

మొన్న మా మనవరాలు యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరింది. కొత్తగా చేరిన వాళ్లను సభకు పరిచయం చేసిన వీడియో ఫోన్లో చూపించింది. ఒక్కొక్కరి ఫొటో తెర మీదికి రావడం, పక్కనే చదువు, ఇదివరకటి ఉద్యోగాలు పడటం, ఎవరో అమ్మాయి గడగడా చదివేయడం, చప్పట్లు. మా పిల్ల వంతు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. "నిన్నెట్ల పరిచయం చేసిండ్రు అమ్మమ్మా?" అని అడిగింది. ఫోన్ దాని చేతికిచ్చి కళ్లద్దాలు తీశాను.

అరవైల్లో నిజామాబాదులో మా కాలేజీకి ఒక పద్ధతి ఉండేది. కొత్త లెక్చరర్లు తమ గురించి తాము చెప్పుకోకూడదు. ప్రిన్సిపాలు గారే ముందు రోజు వాళ్లింటికి వెళ్లి, చాయ్ తాగుతూ ఊరూ చదువూ చేసిన కొలువులూ తీరుబడిగా అడిగి, మర్నాడు సభలో కాగితం చూడకుండా చెప్పేవారు. మనిషి పక్కనే నిలబడి ఉండగా కాగితంలోకి చూడటం ఆ ఉర్దూ చదువుల పెద్దమనిషి దృష్టిలో మర్యాద కాదు.

నా గురించి అడగడానికి వచ్చినప్పుడు, మా ఇంటికి ఆయన రావడం అది రెండోసారి. మొదటిసారి మా అన్న కోసం వచ్చారు. అన్న బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం పరీక్షించే పని చేసేవాడు. సెలవుకు వస్తే అంగీలన్నీ చెరకు మడ్డి వాసన, ఎన్ని నీళ్లలో పిండినా పోదని మా అమ్మ, మాకు అవ్వ, సణిగేది. అక్కడి నుంచి మా ఊరి కాలేజీకి కెమిస్ట్రీ లెక్చరరుగా వచ్చాడు, వచ్చిన కొన్నాళ్లకే కామెర్లతో పోయాడు. అప్పటి నుంచి మా తండ్రి, బాపు, ఆ కొడుకు పేరు పలకలేదు, మమ్మల్ని పలకనివ్వలేదు, ఆ కాలేజీ వీధి కూడా తొక్కలేదు. అదే కాలేజీలో నాకు తెలుగు లెక్చరరు ఉద్యోగం వచ్చింది.

ప్రిన్సిపాలు సారు ఆ పాత బల్ల మీదే, ఆనాడు కూర్చున్న చోటే కూర్చున్నారు. బాపు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేనే చెప్పుకున్నాను, మోస్రాలో పుట్టింది మొదలు, జక్రాన్‌పల్లి బడిలో పంతులమ్మగా చేస్తూ, వస్తూ పోతూ బస్సులో చదువుకుని ప్రైవేటుగా ఎమ్మే పాసైన దాకా. మా వాళ్లలో అంత చదివిన ఆడపిల్ల నేనే. ఇదంతా రేపు నిండు సభలో బాపు చెవిన పడుతుందనీ, కొడుకు పోయిన ఇంట్లో కూతురొకతె ఉందని ఆయనకు అప్పుడైనా గుర్తొస్తుందనీ నా ఆశ.

మర్నాడు సభకు బాపు వచ్చాడు. బయట ముసురు, వెనక వరుసలో తడిసిన కండువాతో కూర్చున్నాడు. నా వంతు రాగానే సారు నా పక్కన నిలబడి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. బోధన్ ఫ్యాక్టరీ ల్యాబు అన్నారు, చెరకు రసం అన్నారు, అక్కడ పై అధికారులు వదలకపోతే బతిమాలి మా కాలేజీకి తెచ్చుకున్నామన్నారు. అదే ఇల్లు, అదే బల్ల, అదే తండ్రి; ఆ ముసలాయన మనసులో ఆ ఇంటికి ఒక్కటే కథ మిగిలిపోయింది. పాత లెక్చరర్లు తలలు దించుకున్నారు. ఏమీ తెలియని విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆపుదామని నోరు తెరిచి బాపు వైపు చూశాను. బాపు చేయి కొంచెం ఎత్తి, వద్దన్నట్టు ఊపాడు.

అప్పుడు వచ్చింది ఆ వాసన. వానాకాలం, ఫ్యాక్టరీ ఆడే రోజులు కావు, బోధన్ ఎక్కడో ఉంది, అయినా నా భుజం పక్కన చెరకు మడ్డి వాసన. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను పక్కకు తిరిగి చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వస్తూ ఎందుకు వద్దన్నావని అడిగితే బాపు నడక ఆపాడు. "గాయన సెప్తుంటే వాడు ఇంకా కొలువుకు పోయి వస్తున్నట్టే ఉండె బిడ్డా. జరసేపు ఉండనియ్యమన్న, అంతే." అని, ఇన్నాళ్లకు అన్నను పేరు పెట్టి పిలిచి, రోడ్డు మీదే ఏడ్చాడు.

మర్నాడు సారు తల దించుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "మాఫ్ చెయ్ బేటీ, వచ్చే సభల నీది చెప్త" అన్నారు. నేను నోరు విప్పేలోగానే బాపు, "వద్దు సార్, గదే ఉండనీయుండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. వంటింట్లోకి వెళ్లి కరువుతీరా ఏడ్చాను. బాపుకు కొడుకు దొరికాడు, నా జక్రాన్‌పల్లి బస్సులు మాత్రం ఎవరికీ తెలియకుండానే పోయాయి. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ కాలేజీ తెరిచిన రోజున ఆ వేదిక ఎక్కితే అదే వాసన వచ్చేది, ఇంకెవరికీ రాదని తెలిసి నేనూ ఎవరినీ అడగలేదు.

బాపు లేడు, అవ్వ లేదు, సారు లేరు. ఇప్పటి తెర మీద ఎవరిది వాళ్లకే పడుతుంది, పొరపాటు జరగదు, మంచిదే. కానీ పోయినవాళ్లు ఆ పొరపాటు సందులోంచే కదా ఒక్కసారి వచ్చి నిలబడేది!

మనవరాలు మళ్లీ అడిగింది. జక్రాన్‌పల్లి బడి అందామనే నోరు తెరిచాను. "బోధన్ ఫ్యాక్టరీ ల్యాబుల పని చేసి వచ్చిండ్రు, అని మా ప్రిన్సిపాల్ సారు మొదలువెట్టిండ్రు" అన్నాను. "నువ్వు తెలుగు లెక్చరర్‌వు కదా అమ్మమ్మా!" అని ఆపబోయింది పిల్ల. నేను చేయి కొంచెం ఎత్తాను.