బాలింత గదిలో గాలి

నరసరావుపేటలో ఆ వీధి వాళ్ళు పసిపిల్లలకు నీళ్ళు పోయాలంటే మైమూనానే పిలుస్తారు. కులమా, మతమా, ఎవరికి కావాలి? ఆమె కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నాలుగు చెంబులు పోస్తే ఎంత గుక్కపట్టిన బిడ్డయినా హాయిగా నిద్రపోతుంది. అంత చేయి తిరిగిన మనిషి, కిందటేడు చలికాలంలో సొంత కూతురిని దక్కించుకోలేకపోయింది.

తస్లీమ్ పురిటికి పుట్టింటికి వచ్చింది. అల్లుడు రియాజ్ ఏసీ మెకానిక్కు. ఎండాకాలంలో అత్తగారింటి కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమని, ఏసీ గదికి చీమ దూరే సందు లేకుండా బిగించాడు. వెంటిలేటరుకు థర్మకోలు, కిటికీలకు సిలికాన్, తలుపు అంచుకు రబ్బరు. చల్లదనం బయటికి పోకూడదు గదా మరి! ఆ గదిలోనే మైమూనా బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. బాలింతకు గాలి తగలకూడదని తలుపేసి, పసిదాన్ని స్నానానికి ఇవతలికి తెచ్చుకుంది. "తల దిమ్ముగా ఉంది అమ్మీ, నిద్రొస్తంది" అన్నది తస్లీమ్. "పడుకో" అన్నది తల్లి. ఆ పిల్ల మళ్ళీ లేవలేదు.

బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవు, అన్నాడు డాక్టరు. చుట్టాలు మాత్రం "గాలి సోకింది" అని తేల్చేశారు. దయ్యం మీదికి నెట్టేస్తే ఎవరికీ ఏ బాధా లేదు. మైమూనా కూడా అవునన్నట్టు తల ఊపింది. కానీ అప్పటి నుంచి ఏ ఇంట్లో మూసిన తలుపు చూసినా లోపలి నుంచి "అమ్మీ" అని వినపడుతుంది. పట్టపగలే. తన ఇంటి గదికి తలుపు రెక్కలే పీకించేసింది, పిచ్చితల్లి.

మొన్న వెనక వీధి ఆరోగ్యమ్మ కూతురు ప్రియకు బిడ్డ పుట్టింది. కొత్త డాబా, కొత్త ఏసీ. మైమూనా వెళ్ళేసరికి బిడ్డ వరండాలో ఊయలలో ఉంది. గది తలుపు మూసి ఉంది.

"ప్రియేదక్కా?"

"చలిగా ఉందని కుంపటి పెట్టా. తల దిమ్ముగా ఉందంటే పడుకోమన్నాలే."

మైమూనా తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది. చేతులు కాలుతున్నా కుంపటి ఈడ్చి వాకిట్లోకి విసిరికొట్టింది, కిటికీలు బార్లా తెరిచింది, ప్రియ చంకల కింద చేతులేసి వరండాలోకి లాక్కొచ్చింది.

"ఏందే మైమూనా, పిచ్చిపట్టిందా నీకు? బాలింతకు గాలి సోకుద్ది!" అని లబలబలాడింది ఆరోగ్యమ్మ.

"సోకనీ అక్కా! నా పిల్ల గాలి సోకి చావలా. గాలి సోకక చచ్చింది!"

ప్రియ భళ్ళున వాంతి చేసుకుని, రొప్పుతూ కళ్ళు తెరిచింది. ఆరోగ్యమ్మ గభాలున కూతురిని పొదివి పట్టుకుని, ఆటో పిలవమని కేకలేసింది. మైమూనా మాత్రం ఖాళీ గది గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల ఇంకెవరో మిగిలిపోయినట్టు చేతులు చాచి, "రా తల్లీ, తలుపు తీశాను, రా" అని పిలుస్తూనే ఉంది.