పెరట్లో రెండు పిల్లర్లు

మా ఇంటి పెరట్లో రెండు పిల్లర్లు ఊరికే నిలబడి ఉంటాయి. వాటి మీద స్లాబు లేదు, మధ్యన గోడ లేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ కల్లు తాగొచ్చి లెక్క తప్పాడని మా చుట్టాలంతా చెప్పుకుంటారు. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నవ్వాల్సిందే. నేనూ చెప్పాను, అందరికంటే బాగా తూలి చూపించి మరీ. అది శుద్ధ అబద్ధం.

నాన్న నాచారంలో ఈ ఇల్లు మొదలుపెట్టేనాటికి నాకు ఇరవై రెండేళ్లు, తమ్ముడికి పది. నేను పెళ్లి చేసుకోనని తెగేసి చెప్పింది కూడా ఆ ఏడాదే. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడొక ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసే మనిషి. అరవలేదు, తిట్టలేదు. నాతో మాట్లాడ్డమే మానేశారు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, నాకు చెప్పాల్సింది అమ్మకి చెప్పేవారు. నేనూ తక్కువదాన్ని కాదు, జవాబు అమ్మకే చెప్పేదాన్ని.

ఇల్లు పూర్తయ్యాక అమ్మ ఆ రెండు పిల్లర్లకీ తాడు కట్టి బట్టలు ఆరేసేది. ఒకదానికి దొండపాదు ఎక్కించింది, రెండోదానికి మల్లెతీగ. ఎం.ఏ. పరీక్షలకి నేను చదివిందంతా ఆ దొండపాదు నీడలోనే. ఫ్యాక్టరీల వైపు నుంచి మధ్యాహ్నం సైరన్ మోగితే అన్నానికి లేచేదాన్ని. వీపుకి ఒరుసుకునే ఆ సిమెంటు గరుకు ఇప్పటికీ ఒంటికి గుర్తే. తర్వాత కాలేజీలో ఉద్యోగం, నాగోల్‌లో అద్దె ఇల్లు, చూస్తుండగానే ఇన్నేళ్లు.

అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఈ వేసవిలో తమ్ముడు ఇల్లు పెంచుదామన్నాడు. నేనూ వచ్చి అక్కడే ఉంటానన్నాను. ఇంజనీరు గీసిన ప్లాను తెచ్చి టేబుల్ మీద పరిచాడు. పిల్లర్లు కొట్టేసి ఆ చోట కారు పెడతాడట.

"నా గది ఏదిరా?"

"ఇదిగో అక్కా, మెట్ల పక్కన. నీ ఒక్కదానికి ఎంత చోటు కావాలి?"

"నీ కారుకి కావలసినంత. అదీ ఒక్కటేగా."

పిల్లర్ల మీదే నాకు గది వెయ్యమన్నాను. తాగి లేపిన పిల్లర్లని ఎలా నమ్ముతావన్నాడు. సరే, లేపినవాడినే అడుగుదామని ఉప్పల్ నుంచి ఆ పాత మేస్త్రీని పిలిపించాను. చేతికర్రతో వచ్చాడు పాపం.

తమ్ముడు ఊరుకోలేదు. "ఏం మేస్త్రీ, ఆ రోజు ఎన్ని సీసాలు దించావు?"

ముసలాయన నవ్వలేదు. "గట్లంటరేంది సారూ? నిలువెత్తు గుంత తవ్వి, సలాకలు కట్టి, సిమెంటు మాలు పోసి లేపిన. గది తాగి జేసే పనా? మిగిలిన గుంతలకు ముగ్గు నేను పోసిన. గీ రెండిటికి మీ నాయిననే పోసిండు, సొంత చేతులతోని."

"ఎందుకట?" అన్నాను.

"ఒక అర్ర, ఒక బాత్రూం పట్టాలె, తలుపు వేరే ఉండాలె అన్నడమ్మా."

"ఎవరికో చెప్పలేదా?"

"నేనెందుకు అడుగుత? గీ సారు అప్పుడు నిక్కరేసుకొని ఇసుకల దొర్లుతుండె. ఇంట్ల తలుపు వేరే కావాల్సినంత పెద్దగైంది నువ్వొక్కదానివే."

"మరి కట్టలేదేం?"

"'జర ఆగుదాం' అన్నడు. ఎన్ని దినాలో చెప్పలే."

ఇన్నేళ్లూ నిన్ను తాగుబోతుని చేశాం కదా, ఒక్కసారైనా ఈ మాట చెప్పొద్దా అని ఆయన మీదే గయ్యిమన్నాను.

"మీ నాయిన ముందట్నే నవ్వేటోళ్లు గద బిడ్డా. ఆయన గూడ నవ్వుతుండె. ఆయన చెప్పని ముచ్చట నేనెట్ల చెప్త?"

తమ్ముడు ప్లాను మడిచేశాడు. "కారు గేటు బయట పెట్టుకుంటాలే అక్కా," అన్నాడు. మామూలుగా అయితే వాడికొక చురక అంటించేదాన్ని. ఆ రోజు మేస్త్రీకి కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

వచ్చే నెల ఆ పిల్లర్ల మీద స్లాబు వేస్తున్నారు. తలుపు వేరే. దొండపాదు మాత్రం తీసెయ్యక తప్పదు. నాన్న ఆగుదామన్నది దేనికి? నేను మనసు మార్చుకుని పెళ్లికి ఒప్పుకుంటానేమోననా, లేక నాకొక గది కావాలని నా అంతట నేను, అమ్మతో కాకుండా ఆయనతోనే, ఒక్క మాట అంటాననా?