మా ఆయన వాక్యంలో నా కేకలు

"ఏమే, కాసేపు ఆ తలుపు దగ్గరికెయ్యి, చదువుతున్నా."

"ఏస్తాలే. ముందు ఆ గేదెకి నీళ్లు పెట్టు, అదేమన్నా నీ చదువు తాగుద్దా?"

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. అవి అనేసి నేను మిరపకోతకి పోయాను, సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన ప్రాణంతో లేడు. ఆ మాటలు నాతోనే పోతాయనుకున్నాను గానీ, మొన్న చేలో, కోతకొచ్చిన ఆడోళ్లందరూ వింటుండగా, పక్కింటి వదిన నడుముకి దోపుకున్న ఫోన్లోంచి నా గొంతుతోనే బయటికొచ్చాయి.

ఎట్టా జరిగిందో నా ఈడు వాళ్లకి చెప్పుకుంటే తప్ప మనసు నిలవటం లేదు. నాకు సంతకం తప్ప రాయటం రాదు, నేను చెప్తుంటే మా అన్న కూతురు రాస్తంది.

మా చర్చిలో వాక్యం చదివేది మా ఆయనే. జీతం ఏమీ లేదు, గొంతు బాగుందని పాస్టరు గారు అప్పజెప్పారు. మా ఆడోళ్లలో నాలాగా అక్షరాలు రానోళ్లే ఎక్కువ, పొద్దున్నే చేలకి పోయే మాకు కూర్చుని వినే తీరికా ఉండదు. అందుకని నరసరావుపేటలో కంప్యూటర్ పని చేసే ఈ పిల్ల, పెద్ద చర్చి వాళ్ల వెబ్‌సైటు కిందనే మా ఊరికని వేరే చిరునామా పెట్టించింది. సబ్‌డొమైన్ అంటారంట, నాకర్థమైనంతలో పెద్దింటికి పక్కవాకిలి. మా ఆయన రోజూ ఒక అధ్యాయం ఫోన్లో చదివి అందులో పెడితే, మేం కాయలు కోసుకుంటా వినేవాళ్లం. ఆయన గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎక్కడిదా అని నాకెప్పుడూ అనుమానం రాలేదు.

ఆయన పోయాక కూడా వింటానే ఉన్నాం. ఈ మధ్య ఒకరోజు అది పలకలేదు. ఎక్కడో సర్వర్ అనే యంత్రం పాడైందంట. పెద్ద చర్చి వాళ్లకి ఇంకో కాపీ ఉంది కాబట్టి వాళ్లది లేచింది, మా పక్కవాకిలికి కాపీ ఎవరూ తీసిపెట్టలేదు. ఈ పిల్ల కొత్త సర్వర్లో మా చిరునామా మళ్లీ నిలబెట్టింది గానీ లోపలంతా ఖాళీ. "అన్న గొంతు ఎప్పుడొస్తదక్కా" అని చేలో అందరూ అడుగుతుంటే నేనే ఆయన పాత ఫోను తీసిచ్చాను. దాని కార్డులో చదివినవన్నీ ఉన్నాయి. మా తొందరకి ఈ పిల్ల వినకుండానే ఎక్కించేసింది.

అవి ఆయన కత్తిరించకముందువి.

ఏందయ్యా ఆ గొణుగుడు అని, కట్టెలు ఎవరు తెస్తారని, నీ గొంతు చూసి బియ్యమిస్తారా అని, దేవుడి మాట నడిమధ్యన నా నోరు. మొదట అందరూ కొంగు నెత్తిన కప్పుకుని ఓర్చుకున్నారు. పక్కింటి వదిన ఇక ఆపుకోలేక, "ఏంది వదినా, వాక్యంలోకి గేదెని కూడా తోలుకొచ్చావా" అంది. "అదీ రక్షణ పొందాలి గదా పాపం" అని వెనక సాలులోంచి ఒక పిన్ని. సాలు సాలంతా నవ్వు. నేనూ నవ్వినట్టే మొహం పెట్టి, వంగినదాన్ని మళ్లీ తల ఎత్తలేదు.

అసలు సిగ్గు అది కాదు. కత్తిరించటమంటే ఏందని ఇంటికొచ్చి అడిగితే ఈ పిల్ల చెప్పింది, చెవుల్లో తీగలు పెట్టుకుని అంతా మళ్లీ వినాలంట, వద్దనుకున్న చోట వెనక్కీ ముందుకీ జరిపి పదే పదే వినాలంట. ఆయన సాయంత్రం పూట మంచం మీద ఆ తీగలు పెట్టుకుని కూర్చుంటే, పాటలు వింటన్నాడని నేను తిట్టేదాన్ని. ఆయన వింటన్నది నా తిట్లు. నేను ఒకసారి అన్నదాన్ని ఆయన అన్నేసిసార్లు పడి, ఊళ్లో నా పరువు పోకుండా రోజూ తుడిచిపెట్టాడు, నాతో ఒక్క మాటన్నా అన్లేదు. ఆఖరి రోజుది తుడిచేలోపే పోయాడు.

నీ కేకలన్నీ కోసేస్తా అత్తా, కొన్ని సాయంత్రాల పని అంది ఈ పిల్ల. సరేనని పక్కన కూర్చుని విన్నాను. ప్రతి కేక వెనకా ఆయన చదువు ఆపి "వస్తన్నానే" అంటాడు. చెప్పులు ఈడ్చుకుంటా పోతాడు. కాసేపటికొచ్చి, ఆగిన చోటు నుంచి కాకుండా ఆ వచనం మళ్లీ మొదటి నుంచి చదువుతాడు. ఆ "వస్తన్నానే" నాకప్పుడు వినపడేదే కాదు, పలకట్లేదని ఇంకా గట్టిగా అరిచేదాన్ని. నా కేక తీసేసి దాన్నొక్కటీ ఉంచొచ్చంట. ఎవరు పిలిస్తే వస్తన్నాడని జనం అడిగితే ఏం చెప్పను? కొయ్యొద్దన్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

మన రోజుల్లో మొగుడూ పెళ్లాం అరుచుకుంటే ఆ మాట మహా అయితే వీధి చివరిదాకా పోయి, పొద్దుగూకేసరికి చల్లారిపోయేది, తెల్లారి మళ్లీ కొత్తగా మొదలెట్టుకునేవాళ్లం. ఇప్పుడు అన్న మాట ఏదీ పోవటం లేదు, ఎవరన్నా కూర్చుని తుడిస్తే తప్ప. నాకు తుడిచే మనిషి లేడు.

అమ్మాయ్, ఇదంతా ఆయన చదివినవాటికి పైన పెట్టు. మావాళ్లకి చదవటం రాదు గదా, నీ గొంతుతోనే చెప్పి పెట్టు. ముందు నాకోసారి మొదటి నుంచి చదివి వినిపించు, మెల్లగా. మధ్యలో నేను మాట్లాడనులే.