నాయన కంటిపాప

గనులు జోరు మీదున్న ఆ రోజుల్లో లారీలు లేపే ఎర్రదుమ్ము మా అందరి కళ్లల్లోనూ పడేది. అందుకే రూపనగుడి బడిలో కంటి శిబిరం పెడితే నాయనను తీసుకుపోయాను. అప్పటికి మా భూములు పోయాయి. మిగిలిన గౌరవం ఒక్కటే. గట్టు తగాదా వస్తే ఊరు సర్వేయరును కాక నాయనను పిలిచేది. హద్దురాయి ఎక్కడుండేదో ఆయన చెబితే అదే తీర్పు.

డాక్టరమ్మ నాయన కంట్లో టార్చి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. వెలుతురు పడగానే చిన్నదవ్వాల్సిన నల్లపాప, ఇష్టం లేనట్టు నింపాదిగా ముడుచుకుంటోంది.

"దీంతోనే ఏమీ తేల్చలేం. వయసుకూ ఇట్లా ఉండొచ్చు. మతిమరుపు జబ్బు మొదట్లో కూడా కొందరికి ఇట్లా ఉంటుంది. బళ్లారిలో నరాల డాక్టరుకు చూపించండి. ఈమధ్య ఏమైనా మరిచిపోతున్నారా?"

రెండు రోజుల ముందే నాయన నన్ను చనిపోయిన తన తమ్ముడనుకుని పిలిచాడు. కానీ వెనక వరసలో ఊరివాళ్లున్నారు.

"మూడు తరాల గట్లు ఆయనకు నోటికొచ్చు," అన్నాను.

ఒకప్పుడు మా ఇంట సేద్యం చేసి, ఇప్పుడు సొంత చేను చూసుకుంటున్న మనిషి వెనకనుంచి అందుకున్నాడు. "పెద్దయ్యకు మతిమరుపేందమ్మా. చిన్నప్పుడు నేను దొంగిలించిన చెనిక్కాయలు ఇంకా లెక్కపెడ్తాండాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకున్నాను. బళ్లారికి పోలేదు.

నెల తిరక్కుండానే అతనికే తగాదా వచ్చింది. అతని చేను పక్కన ఖనిజం కుప్పలు పోసే యార్డు కడుతున్నారు. హద్దు చూపమని నాయనను పిలిచారు. నాయన కర్రతో పొడిచి చూపిన చోటు అసలు హద్దుకు పది అడుగులు ఇవతల. అతని తండ్రి నాటిన వేపచెట్టు యార్డు వైపుకు పోయింది. చిన్నప్పుడు ఆ చెట్టు నీడలో సద్ది తిన్నవాణ్ణి, నాకు తెలుసు.

"ఏందప్పా, నువ్వేమంటావు?" అన్నాడతను.

నలుగురిలో నాయన మాట కాదనలేకపోయాను. "నాయన చెప్పినాక నేననేదేముంది?"

"అట్లనే కానీ. నాకే తప్పు గుర్తుండాదేమో."

ఏడాదికి నాయన ఇంటిదారి కూడా మరిచాడు. అప్పుడు పోయి అతనికి చీటీ సంగతీ, హద్దు సంగతీ చెప్పాను. యార్డు గోడ అప్పటికే లేచింది.

"పెద్దయ్య తెలీక చెప్పినాడు," అన్నాడతను. "నువ్వు తెలిసీ ఊరుకుంటివి. ఇంక నా గడపకు రావద్దప్పా."

నాయన పోయిన రోజు పాడె మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.