ఏడో కార్మికుడి దువ్వెన

ఉప్పల్‌లోని ఒక ఎంబీఏ కాలేజీలో పద్మశ్రీ పాఠాలు చెబుతుంది. ఆమె భయాల జాబితాలో విద్యార్థులు లేరు, ప్రిన్సిపాల్ లేడు, బోడుప్పల్ నుంచి వచ్చే షేర్ ఆటో కూడా లేదు. భయమంతా పరిశోధన పత్రం మీదే. ఏడాదికి ఒక్క అంతర్జాతీయ సదస్సులోనైనా పత్రం చదవని అధ్యాపకులను యాజమాన్యం ఆత్మపరిశీలన చేసుకోమని కోరుతుంది. నిరుడు ఆత్మపరిశీలన చేసుకున్న ఇద్దరు ఇప్పుడు నాగారంలో ట్యూషన్లు చెప్పుకుంటున్నారు.

అందుకని ఆమె అంతర్జాతీయ మేనేజ్‌మెంట్ సదస్సుకు పత్రం రాసింది. విదేశీ కంపెనీ కొనుక్కున్న ఫ్యాక్టరీలో కార్మికులు మనసులో మాట పైవాళ్లకు చెబుతారా, చెప్పరా అన్నది విషయం. ఫ్యాక్టరీ కోసం దూరం పోనక్కర్లేకపోయింది. అక్క ప్రవీణ భర్త ధర్మేందర్ నాచారంలో ప్యాకింగ్ యంత్రాలు చేసే అలాంటి కంపెనీలోనే కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఆయన, ఆయన జతగాళ్లు నోరు విప్పారు. పత్రంలో ఎవరి పేరూ లేదు. ఒకటో కార్మికుడు, రెండో కార్మికుడు, అంతే. ధర్మేందర్ ఏడో కార్మికుడు.

ఏడో కార్మికుడు చెప్పింది ఇది: "సలహాల డబ్బా పెట్టిన్రు. పేరు రాయొద్దు, భయం లేకుంట ఎయ్యిన్రి అన్నరు. దాని నెత్తిమీదనే కెమెరా పెట్టిన్రు. నా సలహా కంటే ముందు నా మొఖం పోతది సార్ల కాడికి. అందుకే మంచిగ దువ్వుకొని చీటీ ఏస్త."

అన్నట్టే చేస్తాడు కూడా. కెమెరా వైపు చూసి, జేబులోంచి ఎర్ర దువ్వెన తీసి, పాపిట సవరించుకొని, అప్పుడు చీటీ వేస్తాడు. ఫ్యాక్టరీ అంతా నవ్వుతుంది.

సదస్సు వాళ్ల నియమం ఏమిటంటే, పత్రం పంపినవాళ్లు ఇంకొకరి పత్రాన్ని సమీక్షించాలి. రాసిందెవరో సమీక్షకులకు తెలియదు, సమీక్షించిందెవరో రాసినవాళ్లకు తెలియదు. ఇంత పద్ధతిగా ఏర్పాటు చేసిన చీకటి మరే రంగంలోనూ లేదు. పద్మశ్రీకి వచ్చిన పత్రం, నగరానికి తూర్పున ఉన్న 'ఒకానొక' డెయిరీ గురించి. అక్కడ 'ఒకానొక' సూపర్‌వైజర్, తనిఖీకి వచ్చిన విదేశీ అధికారులకు తన పెరటి జామకాయలు కోసి, ఉప్పూ కారం అద్ది తినిపించి, వాళ్లు నీళ్ల కోసం వెతుక్కుంటుండగా లెక్కలు చూపిస్తాడట.

పద్మశ్రీ స్టాఫ్‌రూంలో పైకే నవ్వింది. ఆ సూపర్‌వైజర్ ఇంకెవరో కాదు, చర్లపల్లిలో తాము ఒకప్పుడు అద్దెకున్న ఇంటి ఓనరు సత్యనారాయణమూర్తి. ఆ జామకాయలు ఆమె కూడా తిన్నది. పేరు తీసేస్తే ఏం, జామచెట్టు ఉండనే ఉందిగా అనుకుంది.

నవ్వు అక్కడే ఆగిపోయింది. తన పత్రంలోని ఎర్ర దువ్వెన గుర్తొచ్చింది.

ఆమె తన పత్రం మీద వచ్చిన సమీక్షలు తెరిచింది. రెండో సమీక్షకుడు ఉత్సాహంగా రాశాడు: ఏడో కార్మికుడి దువ్వెనే ఈ పత్రానికి ప్రాణం, దాన్ని ఇంకా వివరంగా వర్ణించండి. కింద సదస్సు కార్యక్రమం ఉంది. ఆమె పత్రాన్ని ముందే చదివి, దాని మీద మాట్లాడబోయే అతిథి నీరజ, ధర్మేందర్ పనిచేసే నాచారం కంపెనీలోనే హెచ్ఆర్ అధిపతి. సదస్సు జరిగే నెలలోనే కాంట్రాక్టు వాళ్లలో ఎవరిని పర్మినెంట్ చేయాలో తేల్చేది ఆవిడే.

ఆ ఆదివారం పద్మశ్రీ నాచారంలో అక్క ఇంటికి వెళ్లింది.

"ఏంది మరదలా, మొఖం గట్ల పెట్టినవ్? మా కథ ఫెయిలైందా?" అన్నాడు ధర్మేందర్.

"పాసైంది బావా. అదే ఫికర్."

విషయమంతా చెప్పింది. ఆయనకు ముందు వేరే అభ్యంతరం తోచింది.

"నాకు ఏడేంది? ఒకటో నంబరు ఎవరికిచ్చినవ్?"

"ఉపేందరన్నకు."

"వాడు మీటింగుల నోరే తెరవడు. వానికి ఒకటా?"

"నంబర్ల పంచాయితీ తర్వాత పెట్టుకోన్రి," అంది ప్రవీణ వంటింట్లోంచి వస్తూ. "ఆ మేడం సదివితే ఏమైతది, అది చెప్పున్రి ముందు."

ధర్మేందర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"పోయిన నెల నేను దువ్వుకుంటుంటే మేడం ఆఫీసుల టీవీల సూసిందంట. ఎవరాయన అని అడిగిందంట. నవ్వుకుంట అడిగిందా, ఎట్ల అడిగింది అంటే సెక్యూరిటీ అన్న చెప్తలేడు."

"నాకు చెప్పలేదేంది?" అంది ప్రవీణ.

"నవ్వుతవనుకున్న."

ఎవరూ నవ్వలేదు. ఆయన మరదలా అనడం మానేశాడు.

"తీసెయ్ పద్మా. ఏడో నంబరే లేదనుకో."

తీసేసింది. ఎనిమిదో కార్మికుడు ఏడోవాడయ్యాడు, తొమ్మిదోవాడు ఎనిమిదోవాడయ్యాడు. మేనేజ్‌మెంట్ శాస్త్రంలో ఇంత సులువైన పదోన్నతి ఇంకొకటి లేదు. ప్రాణం పోయిందని రెండో సమీక్షకుడు విచారించి, మిగిలినదాన్ని అంగీకరించాడు. అయితే అతిథికి చేరింది పాత ప్రతా, కొత్త ప్రతా? నిర్వాహకులకు మెయిల్ పెడితే, మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని జవాబొచ్చింది.

సదస్సులో పద్మశ్రీ పత్రం చదువుతున్నంతసేపూ నీరజ కాగితాలు తిప్పుతూనే ఉంది. ఆమె ఏ పేజీ దగ్గర ఆగిందో చూద్దామని పద్మశ్రీ రెండుసార్లు వరుస తప్పింది.

"మా ఫ్యాక్టరీలో సలహాల డబ్బా ఉంది," అంది నీరజ చివర్లో, మెత్తగా. "మీతో మాట్లాడినవాళ్లలో ఒక్కరు కూడా అలాంటి డబ్బా గురించి ఏమీ చెప్పలేదా?"

పద్మశ్రీ మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"లేదు మేడం. ఎవరూ చెప్పలేదు."

"చెప్పడానికి ఏమీ లేకపోయి ఉంటుంది," అని నీరజ నవ్వింది. నవ్వుతూనే ఏదో రాసుకుంది. సభ చప్పట్లు కొట్టింది. ఆవిడ ఏం రాసుకుందో పద్మశ్రీకి ఇప్పటికీ తెలియదు.

ఆ నెల చివర ధర్మేందర్‌కు పర్మినెంట్ ఆర్డర్ వచ్చింది. స్వీటు డబ్బాతో బండి మీద బోడుప్పల్ వచ్చాడు.

"సలహాల డబ్బాల ఏమన్న ఏస్తున్నవా బావా?" అంది పద్మశ్రీ.

"వారానికొకటి ఏస్తున్న. అంత మంచిగున్నది, సార్లు మంచోళ్లు అని."

హెల్మెట్ తీశాడు. జుట్టు ఎటుపడితే అటు లేచి ఉంది. గుమ్మం పక్కనే అద్దం ఉంది. ఆయన దానివైపు చూడకుండా లోపలికొచ్చి కూర్చున్నాడు.