అరవై ఆరేళ్ల అభ్యర్థి

భిలాయిలో సేల్స్ ఉద్యోగం ఎక్కడ ఖాళీ పడ్డా సూర్యారావు దరఖాస్తు పెడతాడు. ఉక్కు ప్లాంటులో రిటైరైన మనిషి, ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా ఇంటర్వ్యూ అంటే చాలు, టై బిగించుకుని అందరికన్నా ముందు వెళ్లి, లోపలివాళ్లతో దెబ్బలాడి, ముఖం జేవురించుకుని బయటికొస్తాడు.

ప్రకటన చదువుతుండగానే కోపం మొదలవుతుంది.

"కొత్తవాళ్లే కావాలంట, మూడేళ్ల అనుభవం ఉండాలంట! ఇదేటే నూకమ్మా? కడుపులో ఉన్నప్పుడే సబ్బులమ్మీసి పుట్టాలా?"

"నన్నడుగుతావేటి? నేనేసేనా ప్రకటన?" అని భార్య గరిటె ఝాడిస్తుంది.

వాటర్ ఫిల్టర్ల కంపెనీవాడు "మీ బలహీనత ఏమిటి?" అంటే, "నీలాంటోణ్ణి చూస్తే చెయ్యి ఆగదు" అన్నాడట. "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?" అని మరొకడు. "స్మృతి నగర్‌లో మా ఇంట్లోనే. నీ కంపెనీ ఉంటాదా, అది చెప్పు!"

కాలనీ అంతా ఈ కథలు చెప్పుకుని నవ్వుకునేది. నవ్వలేనిది ఆయన తమ్ముడి కూతురు రోహిణి ఒక్కతే. బీకాం అయినప్పట్నుంచీ ఉద్యోగం కోసం తిరుగుతోంది. పవర్ హౌస్ బజార్లో ఆస్పత్రి పరికరాలమ్మే కంపెనీలో అకౌంట్ మేనేజర్ ఖాళీ ఉందని తెలిసింది. అకౌంటంటే లెక్కలు రాయడం కాదు, ఉన్న ఖాతాదారులు జారిపోకుండా కాచుకోవడం. ఇంటర్వ్యూకి వెళ్తున్న సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వెళ్లేసరికి మెట్లనిండా అభ్యర్థులు. లోపల్నుంచి తెలిసిన గొంతు.

"టార్గెట్ అవకపోతే అందరిముందూ నిలబెట్టి తిడతావా? నువ్వెవడివయ్యా తిట్టడానికి?"

రోహిణికి ఒళ్లు మండిపోయింది. ఆయన బయటికి రాగానే మీద పడింది.

"ఎందుకొచ్చీసేవు పెదనాన్నా? మన ఇంటిపేరు చూస్తే నన్నింక లోపలికి రానిస్తారా? నా నోటికాడి కూడు తీసీడానికా?"

"ఉండవే, నీతో తరవాత." సూర్యారావు మెట్ల మీదున్న పిల్లలవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లోపల సుభాష్ అని కుర్రోడున్నాడు, మంచోడే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకుంటానంటాడు, ఇవ్వకండి. గట్టిగా అడిగితే జిరాక్సులకి ఒప్పుకుంటాడు. చీకటిపడ్డాక ఆడపిల్లల్ని ఊరవతల ఉతై వైపు పంపనని నాకు మాటిచ్చేడు."

వరసలో ముందున్న హేమమాలిని వెనక్కి తిరిగింది. "మీ పెదనాన్నా, దీదీ? పోయిన నెల అంకుల్‌జీ ఇలా చెప్పబట్టే దొంగ కంపెనీలో చేరకుండా బచ్ గయీ, బతికిపోయాను నేను."

రోహిణి పెదనాన్న దగ్గరికి జరిగింది. "మరి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికేటుంది? ప్లాంటులో గ్యాసు లైను దగ్గరికి కుర్రోళ్లని పంపేముందు నేనెళ్లి చూసొచ్చీవోణ్ణి, అక్కడ ఊపిరాడతాదో లేదోనని. ఇదీ అంతే."

అందరూ అయ్యాక రోహిణి వంతొచ్చింది. సుభాష్ కణతలు రుద్దుకుంటున్నాడు.

"ఒరిజినల్స్ రెండేళ్లు మా దగ్గరుంటాయి."

"ఎందుకుంటాయండీ? పారిపోడానికి నేనేమైనా దొంగనా?" రోహిణి బల్ల చరిచింది. చరిచాక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దున వచ్చిన పెద్దాయన మీకేమవుతారు?"

"పెదనాన్న," అంది, ఉద్యోగం పోయిందనే అనుకుని.

సుభాష్ నవ్వేశాడు. "మా సరుకు కొనే డాక్టర్లు ఆయనకన్నా గట్టిగా అరుస్తారు. మీకైతే ఇంట్లోనే ట్రైనింగ్ అయిపోయింది. సోమవారం రండి. జిరాక్సులు తేండి."

బయటికొచ్చి చూస్తే సూర్యారావు రోడ్డుకవతల ఇంటర్వ్యూలు జరుగుతున్న బీమా ఆఫీసు మెట్లెక్కుతున్నాడు.

"నాకొచ్చీసింది పెదనాన్నా! దిగు, ఇంటికెళ్దాం!"

"నీకొచ్చింది. ఈ పిల్లకి రావద్దా?" ఆయన వెనకే హేమమాలిని ఫైలు పట్టుకుని నిలబడింది.

రోహిణికి మళ్లీ కోపమొచ్చింది. పక్క బండి మీద రెండు సమోసాలు కట్టించుకుని ఒక్క పరుగున రోడ్డు దాటి, పొట్లం ఆయన చేతిలో కుక్కింది.

"ముందిది తిను. తరవాత అరుద్దువుగాని."