ఉండా సార్

పోయిన వారం పింఛను పనిమీద పుంగనూరు వెళ్లినప్పుడు, మండల వనరుల కేంద్రం వరండాలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రభుత్వం వాళ్లు శిబిరం పెట్టి ఉంటే, ఎండ తగ్గేదాకా అక్కడే ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఒక తల్లి, అప్పుడే ఇచ్చిన వినికిడి యంత్రాన్ని బిడ్డ చెవిలో పెట్టి, కుదిరిందో లేదోనని మూడుసార్లు తీసి మళ్లీ పెట్టింది. మదనపల్లె బస్సు వచ్చి వెళ్లిపోయింది గానీ నాకు లేవబుద్ధి కాలేదు.

నా మొదటి ఉద్యోగం చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో, ఐదు తరగతులకూ నేనొక్కణ్ణే అయ్యవారిని. చదువు ఏపాటి చెప్పానో గానీ, హాజరుపట్టీని మాత్రం గీత వంకరపోకుండా పెళ్లిపత్రికలాగా చూసుకునేవాణ్ణి. తల ఎత్తకుండా పేర్లు పిలిచేవాణ్ణి; పిల్లలు "ఉండా సార్" అని అరవాలి; అరుపు వినపడకపోతే ఎర్రసిరాతో గైర్హాజరు. ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఊరుకోనని మొదటిరోజే బెత్తం చూపించాను, అదేదో గొప్ప క్రమశిక్షణ అనుకుని.

ఒకటో తరగతిలో ఒక పేరు నెల పొడుగునా పలకలేదు. రూలు ప్రకారం కొట్టేశాను. మర్నాడు ఆ పిల్ల తల్లి, పాలకేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాను చేతపట్టుకునే బడికి వచ్చింది.

"యాల సార్ పేరు కొట్టేసినారు? దినామూ తెచ్చి ఈడ ఇడిసేది నేనే కదా. అదో, కూసోనుండాది సూడండి. దానికి సెవులు ఇనపడవు సార్. పలకలేనోళ్లు లేనట్టేనా?"

వెనక వరసలో గోడకానుకుని, పలకమీద ఆవును గీసుకుంటూ ఉంది ఆ పిల్ల. రోజూ చూసే మొహమే, పేరేమిటని మాత్రం ఏనాడూ అడగలేదు. పక్కన కూర్చునే పిల్లలకు తెలుసు, నా బెత్తానికి జడిసి చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే పేరు మళ్లీ రాసి, ఆ పిల్లను ముందు వరసలోకి తెచ్చాను.

తెచ్చానే గానీ, వినపడని బిడ్డకు పాఠం ఎలా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఎక్కడో దూరాన ఉన్న ప్రత్యేక పాఠశాలకు పంపమని పై అధికారులు అనేవారు. బిడ్డ ఊరి పిల్లలతోనే చదవాలని తల్లి పట్టుబట్టింది. మూడేళ్లపాటు నేను తల ఎత్తి, ఆ పిల్ల చెయ్యి ఎత్తితే చూసి హాజరు వేశాను. ఆమె నాలుగో తరగతికి వచ్చిన ఏడాది పుంగనూరు శిబిరంలో ప్రభుత్వం వినికిడి యంత్రం ఇచ్చింది. వారానికి రెండు రోజులు, శిక్షణ పొందిన టీచరమ్మ ఒకామె బస్సు దిగి నడిచి వచ్చి, పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి, తన గొంతుమీద ఆమె చెయ్యి ఆనించి మాటలు నేర్పేది. ఇదేం చదువని నేను లోలోపల గొణుక్కున్న సంగతి కూడా దాచను.

ఒక ఉదయం పేరు పిలిచి, అలవాటుగా తల ఎత్తాను. ఆమె చెయ్యి ఎత్తలేదు. నా మొహం కేసే చూస్తూ "ఊండా" అంది; సార్ అన్నది గొంతులోనే ఉండిపోయింది. ఏడ్చేశానని చెప్పుకోవడానికి ఈ వయసులో మొహమాటం ఏముంది!

ఇప్పుడు హాజరు సెల్‌ఫోనులో వేస్తున్నారు, ఆ అరుపులూ తగ్గిపోయాయి. పలకని బిడ్డ కోసం ఆ వనరుల కేంద్రంలో ఒక టీచరు, ఒక గది ముందే సిద్ధంగా ఉన్నాయి, సంతోషమే. నా పాత హాజరుపట్టీ ఏ బీరువాలో మగ్గుతోందో గానీ, అందులో ఆ నెలంతా ఆమె పేరుకెదురుగా నా ఎర్రసిరా అలాగే ఉండి ఉంటుంది. అన్ని రోజులూ ఆమె బడికి వచ్చింది.